పేదల పేరున రాయితీ, మిగులు ఎవరి ఖాతాలో?

అమెరికాలో కొన్ని మందుల ధర ఒక సెంటు. మందుల షాపులో వందల డాలర్లు పలికే బ్రాండ్ మందైనా సరే, కొనేవాళ్ల పేరు ప్రభుత్వ జాబితాలో ఉంటే కంపెనీ దాన్ని యూనిట్‌కు ఒక్క సెంటు చొప్పున అమ్మి తీరాలి. చట్టం అలా ఉంది. అయితే ఆ జాబితాలో రోగుల పేర్లు ఉండవు. ఆసుపత్రుల పేర్లు, క్లినిక్‌ల పేర్లు ఉంటాయి. సెంటుకు కొన్న మందును వాళ్లు రోగికి ఎంతకు ఇవ్వాలో మాత్రం ఆ చట్టంలో ఎక్కడా రాసి లేదు.

పబ్లిక్ హెల్త్ సర్వీస్ చట్టంలోని 340బి సెక్షన్ కింద పుట్టింది కాబట్టి ఈ పథకాన్ని అందరూ 340బి అనే పిలుస్తారు. ఆసుపత్రి అకౌంట్స్ విభాగంలో, ఫార్మసీలో, మందుల కంపెనీల లీగల్ విభాగంలో ఈ అంకె తెలియనివాళ్లు ఉండరు. రోగుల్లో తెలిసినవాళ్లు చాలా తక్కువ. 2024లో ఈ రాయితీ ధరల మీద జరిగిన కొనుగోళ్లు 8,140 కోట్ల డాలర్లు. 2023లో 6,630 కోట్లు, 2022లో 5,370 కోట్లు, 2021లో 4,390 కోట్లు. మరి 2010లో? 660 కోట్లు. పద్నాలుగేళ్లలో పన్నెండు రెట్లు పెరిగింది. పైగా ఇవి రాయితీ పోగా కట్టిన సొమ్ము లెక్కలు. అదే సరుకును మామూలు ధరకు కొని ఉంటే బిల్లు ఇంకా చాలా ఎక్కువయ్యేది.

పేదల వైద్యానికి ఇంత సాయం అందుతుంటే గొడవ దేనికి? ఆసుపత్రులు, మందుల కంపెనీలు, ఇన్సూరెన్స్ కంపెనీలు, రాష్ట్ర ప్రభుత్వాలు పదిహేనేళ్లుగా కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయి? సమాధానం కావాలంటే లెక్కల్లోకి దిగాలి.

1990లో వేసిన ముడి

1990లో అమెరికా కాంగ్రెస్ మంచి ఉద్దేశంతోనే ఒక చట్టం చేసింది. పేదలకు బీమా ఇచ్చే మెడికెయిడ్‌కు మందుల కంపెనీలు రిబేటు కట్టాలి. బ్రాండ్ మందును ఇంకెవరికైనా బాగా తక్కువకు అమ్ముతుంటే, ఆ అతితక్కువ ధరను లెక్కలోకి తీసుకుని మెడికెయిడ్‌కూ అంత మేర తగ్గించాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అప్పటిదాకా కంపెనీలు మాజీ సైనికుల ఆసుపత్రులకు, పేదలు ఎక్కువగా వచ్చే ఆసుపత్రులకు తమంతట తామే పెద్ద తగ్గింపులు ఇస్తుండేవి. కొత్త చట్టం వచ్చాక, ఒక చిన్న ఆసుపత్రికి సగం ధరకు ఇస్తే దేశమంతటా మెడికెయిడ్‌కూ ఆ లెక్కే వర్తిస్తుంది. కంపెనీలు కూడికలు తీసివేతలు చూసుకుని, చిన్నవాళ్లకు ఇస్తున్న తగ్గింపులను ఎత్తేశాయి. పేదల కోసం చేసిన చట్టం వల్ల పేదల ఆసుపత్రుల్లోనే మందుల ఖర్చు పెరిగింది.

ఆ తప్పు దిద్దడానికి 1992లో వెటరన్స్ హెల్త్ కేర్ చట్టం తెచ్చారు. ఆ ఏడాది నవంబరులో సీనియర్ బుష్ సంతకం పెట్టారు. అందులో ఒక భాగమే 340బి. ఏర్పాటు ఇది: జాబితాలో ఉన్న ఆసుపత్రులకు, క్లినిక్‌లకు ఇచ్చే ధరను మెడికెయిడ్ ‘అతితక్కువ ధర’ లెక్కలోకి తీసుకోరు. అందుకు బదులుగా, ఏ కంపెనీ అయినా తన మందులకు మెడికెయిడ్ డబ్బు రావాలనుకుంటే 340బి ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిందే. మెడికెయిడ్ అంత పెద్ద మార్కెట్‌ను వదులుకునే కంపెనీ ఏముంటుంది? కాగితం మీద ఇది స్వచ్ఛందం, ఆచరణలో తప్పనిసరి.

ఉన్న కొద్దిపాటి ఫెడరల్ నిధులు మరింత మంది రోగులకు, మరిన్ని సేవలకు సరిపోవాలన్నది ఉద్దేశమని అప్పటి సభా కమిటీ నివేదిక చెప్పింది. ఆ ఉద్దేశం నివేదికలో ఉంది. చట్టంలో షరతుగా మాత్రం చేరలేదు. ఇవాళ్టి గొడవల్లో సగం ఈ ఖాళీలోంచి వచ్చినవే.

ఒక సీసా మాత్రల లెక్క

ధర ఎలా కడతారో ఊహాజనితమైన ఒక బ్రాండ్ మందుతో చూద్దాం. నెలకు సరిపడే సీసాకు కంపెనీకి సగటున ముట్టే ధర 400 డాలర్లు అనుకుందాం. ఆసుపత్రికి ఆ సీసాను గరిష్ఠంగా ఎంతకు అమ్మవచ్చు? 400లోంచి మెడికెయిడ్‌కు కట్టాల్సిన రిబేటు తీసేయాలి. బ్రాండ్ మందుకు కనీస రిబేటు 23.1 శాతం, అంటే 92 డాలర్ల 40 సెంట్లు. మిగిలింది 307.60.

లెక్క ఇక్కడితో ఆగితే అందరూ ఊరుకునేవాళ్లేమో. రిబేటులో రెండో భాగం ఉంది. ఆ మందు మార్కెట్లోకి వచ్చినప్పుడు 200 డాలర్లు ఉండేదనీ, ధరల సూచీ ప్రకారం పెరిగితే ఇవాళ 260 ఉండాలనీ అనుకోండి. కంపెనీ మాత్రం 400కు పెంచింది. ఆ అదనపు 140 కూడా రిబేటులో కలుస్తుంది. ఇప్పుడు మొత్తం రిబేటు 232.40, ఆసుపత్రి కట్టేది 167.60. ఇంకా దూకుడుగా పెంచిన మందైతే? మొదటి ధర 60 డాలర్లు, సూచీ ప్రకారం 80 కావాల్సింది, నిజంగా ఉన్నది 400. అదనపు రిబేటు 320, దానికి 92.40 కలిపితే 412.40. ధరను మించిన రిబేటు! సున్నాకు ఎవరూ అమ్మలేరు కాబట్టి ఒక సెంటు అని నిబంధన పెట్టారు. మొదట్లో చెప్పిన సెంటు మందు రహస్యం ఇదే. ఇందులో కంపెనీ దానగుణమేమీ లేదు. ఏటేటా ధర ఎడాపెడా పెంచినందుకు పడిన శిక్ష అది.

జనరిక్ మందులకు కనీస రిబేటు 13 శాతం. 2010లో ఒబామా ఆరోగ్య చట్టం రాకముందు అది 11, బ్రాండ్ మందులకు 15.1 ఉండేది. అమెరికాకు మాత్రలు ఎగుమతి చేసే హైదరాబాద్ కంపెనీలకూ ఈ అంకెలు కొత్త కాదు. అక్కడ మెడికెయిడ్ కింద తమ మందు చెల్లుబాటు కావాలంటే ఇక్కడివాళ్లకైనా ఇదే నియమం. కాకపోతే జనరిక్ ధరలు ఎలాగూ పెరగవు, పోటీలో పడిపోతుంటాయి. ద్రవ్యోల్బణ శిక్ష పడే సందర్భాలు వాటికి తక్కువ. 340బి డబ్బంతా ఖరీదైన బ్రాండ్ మందుల్లో, అందులోనూ క్యాన్సర్, కీళ్లవాతం, హెచ్ఐవీ, షుగర్ మందుల్లో తిరుగుతుంది.

ఇన్సులిన్ విషయంలో ఈ సూత్రం తమాషా చేసింది. దశాబ్దాల పాటు ధర పెంచుకుంటూ పోవడంతో చాలా ఇన్సులిన్‌లు సెంటు ధరకు చేరాయి. క్లినిక్‌లు సెంటుకు కొని, బీమా ఉన్న రోగుల మీద వచ్చిన మిగులుతో వేరే ఖర్చులు గడుపుకొనేవి. మెడికెయిడ్ రిబేటు మందు ధరను మించకూడదన్న పరిమితి అప్పట్లో ఉండేది. 2021లో చేసిన చట్టం ఆ పరిమితిని 2024 జనవరి నుంచి ఎత్తేసింది. అంటే కంపెనీ అమ్మిన ప్రతి ఇన్సులిన్ మీదా మెడికెయిడ్‌కు ఎదురు డబ్బు కట్టాల్సిన పరిస్థితి. ఆ గడువుకు ముందూ వెనకా లిల్లీ, నోవో నార్డిస్క్, సనోఫీ తమ ఇన్సులిన్‌ల జాబితా ధరలను 70 శాతం, ఆపైన కోసేశాయి. రోగికి మంచిదే. క్లినిక్‌ల మిగులుకు మాత్రం గండి పడింది. మందు ధర ఎంత ఎక్కువుంటే పేదల క్లినిక్‌కు అంత ఆదాయం! ఏ ప్రభుత్వమైనా కోరి పెట్టుకునే ఏర్పాటు కాదిది. కానీ ముప్పై ఏళ్లుగా నడుస్తున్నది ఇదే.

జాబితాలో ఎవరున్నారు

రెండు రకాల సంస్థలు. మొదటి రకం ఫెడరల్ గ్రాంటుతో నడిచేవి: కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు, హెచ్ఐవీ రోగులను చూసే రయన్ వైట్ క్లినిక్‌లు, క్షయ, సుఖరోగాల క్లినిక్‌లు, కుటుంబ నియంత్రణ కేంద్రాలు, హిమోఫీలియా చికిత్స కేంద్రాలు, బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తుల క్లినిక్‌లు. ఒక్క హెల్త్ సెంటర్లకే ఏడాదికి 3 కోట్ల మందికి పైగా వస్తారు. డబ్బు కట్టలేరన్న కారణంతో ఆ సెంటర్లు ఎవరినీ వెనక్కి పంపకూడదు. ఫెడరల్ దారిద్ర్యరేఖ లోపల ఉన్నవాళ్ల దగ్గర నామమాత్రపు ఫీజే తీసుకోవాలి, దానికి రెట్టింపు ఆదాయం వరకు మెట్లు మెట్లుగా తగ్గింపు ఇవ్వాలి. 2025లో నలుగురున్న కుటుంబానికి ఆ రేఖ ఏడాదికి 32,150 డాలర్లు. 340బి మిగులును కూడా తమ సేవలకే ఖర్చుపెట్టాలని గ్రాంటు నిబంధనలు వీటిని కట్టేస్తాయి.

అమెరికాలో బీమా లేకుండా రోజులు నెట్టుకొస్తున్న తెలుగువాళ్లకు ఇక్కడ ఒక మాట. 340బి కోసం రోగి పెట్టుకునే దరఖాస్తు అంటూ ఏదీ ఉండదు. ఆ కేంద్రంలో మీ రికార్డు ఉండి, అక్కడి డాక్టరే మందు రాసి ఉండాలి. బయటి డాక్టరు రాసిన చీటీ పట్టుకెళ్తే మామూలుగా లెక్కలోకి రాదు. ఆదాయం రుజువు చూపి, ఫీజు తగ్గింపుతో పాటు సెంటర్ సొంత ఫార్మసీలో మందుల తగ్గింపు కూడా ఉందా అని అడగాలి. అడగకపోతే చెప్పని చోట్లు కూడా ఉంటాయి.

రెండో రకం ఆసుపత్రులు. లాభాపేక్ష లేనివి, లేదా ప్రభుత్వానివి అయి ఉండాలి. పిల్లల ఆసుపత్రులు, విడిగా ఉండే క్యాన్సర్ ఆసుపత్రులు, 25 పడకలు మించని మారుమూల ఆసుపత్రులు, ఇంకొన్ని గ్రామీణ ఆసుపత్రులు ఉన్నాయి. వాటిలో చాలా భాగం 2010లో చేరాయి. కానీ డబ్బు పరంగా అసలు బరువంతా పేదరోగుల వాటా ఎక్కువున్న పెద్ద జనరల్ ఆసుపత్రులదే. 2023 కొనుగోళ్లలో దాదాపు 78 శాతం వాటివే.

వీటికి అర్హత ఒక అంకె మీద ఆధారపడుతుంది: 11.75. వృద్ధుల బీమా మెడికేర్ లెక్కగట్టే ‘పేదరోగుల సర్దుబాటు శాతం’ ఈ అంకె దాటితే తలుపు తెరుచుకుంటుంది. ఆ శాతం ఎలా వస్తుంది? వార్డులో చేరిన రోగుల్లో మెడికెయిడ్ ఉన్నవాళ్లు, నిరుపేద వృద్ధులు ఎన్ని రోజులు ఉన్నారన్న దాన్నిబట్టి. మరి 340బి రాయితీ వర్తించేది ఎవరి మందులకు? ఔట్‌పేషెంట్లకు మాత్రమే. కొలిచేది వార్డులో, ఇచ్చేది ఓపీలో. ఆసుపత్రి మెయిన్ బిల్డింగ్ పేదల బస్తీలో ఉండొచ్చు. దాని అనుబంధ క్యాన్సర్ సెంటర్ సంపన్నుల శివారులో ఉన్నా, కాగితాలు సరిగా ఉంటే అదే రాయితీ. ఇంత లొసుగును ముప్పై ఏళ్లుగా ముట్టుకోకుండా ఉంచడం మామూలు విషయం కాదు. దాని చుట్టూ ఎన్ని ప్రయోజనాలు అల్లుకుని ఉంటే అలా ఉంటుంది!

మిగులు పుట్టే చోటు

ఇందాకటి సీసాకే వద్దాం. ఆసుపత్రి కొన్నది 167.60కి. బీమా లేని ఒక పేదరాలు వస్తే ఆసుపత్రి తలచుకుని ఆ ధరకో, పది డాలర్లకో ఇవ్వొచ్చు. ఇవ్వకపోయినా చట్టం ఏమీ అనదు. తర్వాత మంచి ఉద్యోగం, మంచి బీమా ఉన్న ఇంకొకాయన వస్తాడు. ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ ఆ సీసాకు 390 డాలర్లు కడుతుంది. తేడా 222.40 ఆసుపత్రికి మిగులు. చౌకధరల దుకాణానికి సబ్సిడీ బియ్యం ఇచ్చి, దుకాణం పేదల పేటలో ఉంటే చాలు, కారులో వచ్చినవాడికి కూడా బజారు ధరకు అమ్ముకుని తేడా ఉంచుకో అన్నట్టన్నమాట. ఆ తేడాతో డీలరు పేటలో బడి కట్టించవచ్చు, తన ఇంటికి పాలరాయి వేయించుకోవచ్చు. రెండూ చట్టబద్ధమే.

మన దగ్గర ఈ సమస్య ఈ రూపంలో రాదు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ కార్పొరేషన్లు టెండరు పిలిచి మందులు కొంటాయి, సర్కారు దవాఖానాలో ఉచితంగా చేతిలో పెడతారు. స్టాకు లేకపోవడం ఇక్కడి రోగం. ఉచితంగా ఇచ్చే మందుకు ఇన్సూరెన్స్ బిల్లు వేయరు కాబట్టి ‘మిగులు’ పుట్టే చోటే ఉండదు.

అమెరికాలో ఆ మిగులుకు వాటాదారులూ పెరిగారు. చిన్న క్లినిక్‌కు సొంత ఫార్మసీ ఉండకపోవచ్చు కాబట్టి బయటి షాపుతో ఒప్పందం చేసుకోవచ్చని 1996లో అనుమతించారు. ఒక్క షాపుతోనే. 2010లో ఆ పరిమితి తీసేసి, ఎన్నింటితోనైనా అన్నారు. ఆ ఏడాది సుమారు 1,300 ఉన్న కాంట్రాక్ట్ ఫార్మసీలు 2017 నాటికి దాదాపు 20,000 అయ్యాయని ఫెడరల్ ఆడిట్ సంస్థ జీఏఓ లెక్క తేల్చింది. వాటిలో ఎక్కువ భాగం వాల్‌గ్రీన్స్, సీవీఎస్, వాల్‌మార్ట్ లాంటి మహా గొలుసు దుకాణాలవి, ఇన్సూరెన్స్ కంపెనీల చేతుల్లో ఉన్న స్పెషాలిటీ ఫార్మసీలవి.

అక్కడ పని జరిగే తీరు చూడాలి. రోగి కౌంటర్ దగ్గర మందు తీసుకున్నప్పుడు అది 340బి మందు అని ఎవరికీ తెలియదు, అమ్మిన ఫార్మసిస్టుకు కూడా. షాపు తన మామూలు స్టాకులోంచి ఇస్తుంది, ఇన్సూరెన్స్‌కు మామూలుగా బిల్లు వేస్తుంది. ఆ రాత్రో మర్నాడో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ షాపు అమ్మకాలను, ఆసుపత్రి రోగుల జాబితాతో, డాక్టర్ల జాబితాతో సరిపోల్చుతుంది. కుదిరిన చీటీలకు 340బి ముద్ర వేస్తుంది. అలా ముద్ర పడ్డ మాత్రలు ఒక నిండు సీసా అయ్యేదాకా కూడబెట్టి, అప్పుడు ఆసుపత్రి పేరు మీద రాయితీ ధరకు ఒక సీసా ఆర్డరు పెడతారు. సరుకు నేరుగా షాపు అరలోకి చేరుతుంది. ఇదంతా రోగి ఇంటికెళ్లి మాత్ర వేసుకున్నాక జరిగే వ్యవహారం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో హెల్త్‌కేర్ ఐటీలో ఉన్న మనవాళ్ల రెజ్యూమెల్లో ‘340బి’ కనిపిస్తే, ఈ సరిపోల్చే పనే అయి ఉంటుంది.

ఉచితంగా ఎవరూ చేయరు కదా. జీఏఓ 2018లో పరిశీలించిన ఒప్పందాల్లో షాపు ఫీజు మామూలుగా చీటీకి 6 నుంచి 15 డాలర్లు. కొన్నింటిలో దాని మీద, బీమా ఉన్న రోగుల చీటీలపై వచ్చే రాబడిలో 12 నుంచి 20 శాతం అదనం. మన సీసాకు ఫీజు 12 డాలర్లు, వాటా 15 శాతం వేసుకుంటే, 390 మీద 58.50, మొత్తం 70.50. ఆసుపత్రికి చేరేది 151.90. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫీజు ఇంకా వేయలేదు.

ఇందులో రోగికి వచ్చిందేమిటి? బీమా ఉండి, డిడక్టిబుల్ (బీమా కట్టడం మొదలయ్యేలోపు రోగి సొంతంగా భరించాల్సిన మొత్తం) ఇంకా తీరని రోగి అయితే ఆ 390 తన జేబులోంచే కట్టి ఉంటాడు. ఆసుపత్రికి 167కు దొరికిన మందు కోసం! జీఏఓ ప్రశ్నలకు జవాబిచ్చిన 55 సంస్థల్లో 30 మాత్రమే, బీమా లేని పేదలకు కాంట్రాక్ట్ షాపుల్లో కొన్నిట్లోనైనా తగ్గింపు ఇస్తున్నామన్నాయి. ఆ 30లో 23, రోగి దగ్గర రాయితీ ధర గానీ అంతకంటే తక్కువ గానీ తీసుకుంటున్నామన్నాయి. మిగిలిన 25 సంస్థలు ఆ షాపుల్లో అలాంటి తగ్గింపేదీ ఇవ్వడం లేదు.

మిన్నెసోటా తెరిచిన పద్దు

మిగులు ఎంతో, ఎటు పోయిందో చెప్పమని ఫెడరల్ చట్టం అడగదు. పథకాన్ని నడిపే హెచ్ఆర్ఎస్ఏ అనే ఏజెన్సీ ఏడాదికి దాదాపు 200 ఆడిట్లు చేస్తుంది. అవి మందు అర్హత లేని రోగికి పోయిందా, ఒకే మందుకు కంపెనీ దగ్గర 340బి రాయితీ, మెడికెయిడ్ రిబేటు రెండూ లాగారా అని చూస్తాయి. మిగులు ఖర్చు వాటి పరిధిలోకి రాదు. ఈ చీకట్లో మొదట దీపం పెట్టింది మిన్నెసోటా రాష్ట్రం. అక్కడి సంస్థలన్నీ లెక్క చెప్పాలని చట్టం చేసి, 2024 నవంబరులో తొలి నివేదిక బయటపెట్టింది. 2023లో ఆ ఒక్క రాష్ట్రంలో నికర మిగులు కనీసం 63 కోట్ల డాలర్లు. అందులో 80 శాతం, అంటే 50 కోట్లకు పైగా, నివేదిక ఇచ్చిన సంస్థల్లో 13 శాతం మాత్రమే ఉన్న పెద్ద ఆసుపత్రులకు చేరింది. ఫార్మసీలకు, మధ్యవర్తులకు ఫీజుల కింద పోయింది 12 కోట్లకు పైమాటే, ప్రతి 100 డాలర్ల రాబడిలో 16. క్షయ, సుఖరోగాల క్లినిక్‌ల లాంటి చిన్నవాళ్లకు మిగిలింది చిల్లర. కొందరికి నష్టం కూడా వచ్చింది.

ఈ అంకెలు చూశాక ‘340బి ఎత్తేస్తే పేదల వైద్యం కూలిపోతుంది’ అన్న ఆసుపత్రుల వాదనను రెండు ముక్కలు చేసి వినాలనిపిస్తుంది. 25 పడకల పల్లెటూరి ఆసుపత్రి నోట ఆ మాట వస్తే నమ్మవచ్చు. మెడికెయిడ్ ఇచ్చే డబ్బు ఖర్చుకు సరిపోదు, కాన్పుల వార్డు నడపాలన్నా రాత్రిపూట డాక్టరును ఉంచాలన్నా ఈ మిగులే ఆధారం. వందల కోట్ల టర్నోవరు ఉన్న ఆసుపత్రి గొలుసు అదే మాట అంటే, పద్దు చూపించమని అడగడం తప్పు కాదు.

అంకెలు ఇంకో దిక్కు కూడా చూపిస్తున్నాయి. 2012లో 340బి ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో ఒక్కో మెడికేర్ రోగి మీద డాక్టరు చేతుల మీదుగా ఇచ్చే మందుల సగటు ఖర్చు 144 డాలర్లు. 340బి లేని ఆసుపత్రుల్లో సుమారు 60. రోగుల ఆరోగ్య స్థితిలోని తేడాలు దీన్ని వివరించలేకపోయాయని జీఏఓ 2015లో రాసింది. కొన్న ధరకూ బిల్లుకూ మధ్య తేడా పెద్దదైనప్పుడు, ఎక్కువ మందు, ఇంకా ఖరీదైన మందు వాడాలన్న ఆకర్షణ పుడుతుంది. సునీతా దేశాయ్, మైకేల్ మెక్‌విలియమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 11.75 గీతకు కొంచెం ఇటూ అటూ ఉన్న ఆసుపత్రులను పోల్చి 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అధ్యయనం ప్రచురించారు. తెలివైన పద్ధతి. గీతకు పక్కపక్కనే ఉన్న ఆసుపత్రుల మధ్య తేడా ఏదైనా వస్తే అది పథకం వల్లేనని చెప్పవచ్చు. గీత దాటినవి ఎక్కువ మంది క్యాన్సర్, రక్తవ్యాధుల డాక్టర్లను తమలో కలుపుకొన్నాయి. పేదలకు సేవలు పెరిగాయనడానికి మాత్రం స్పష్టమైన ఆధారం దొరకలేదు.

వర్జీనియాలోని రిచ్‌మండ్ కమ్యూనిటీ ఆసుపత్రి కథ ఇందుకు ఉదాహరణగా అందరి నోటా నానింది. నల్లజాతి పేదల బస్తీలోని ఆసుపత్రి అది. 2022 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన పరిశోధన ప్రకారం, కీట్రూడా అనే క్యాన్సర్ మందు వయల్ ఆ ఆసుపత్రికి 3,444 డాలర్లకు వస్తుందని ఒక మాజీ పరిశోధకురాలి అంచనా. ప్రైవేటు ఇన్సూరెన్స్‌కు వేసే బిల్లు 25,425. బస్తీ ఆసుపత్రిలో సౌకర్యాలు కరిగిపోతుంటే, యాజమాన్యం శివారుల్లో పెట్టుబడులు పెట్టిందన్నది పత్రిక ఆరోపణ. యాజమాన్యం దాన్ని ఖండించింది, బస్తీలోనూ ఖర్చుపెడుతున్నామంది. ఎవరిది నిజమైనా, ఆ తేడా సొమ్మును ఎక్కడ ఖర్చుపెట్టాలో చెప్పే నిబంధన లేదన్నదాంట్లో వివాదం లేదు.

కోర్టుల్లో తేలని లెక్క

మిగులు మీద ముందు కన్ను వేసింది ప్రభుత్వమే. మెడికేర్ ఈ మందులకు సగటు ధర మీద 6 శాతం కలిపి ఆసుపత్రులకు కట్టేది. 2018 నుంచి 340బి ఆసుపత్రులకు దాన్ని సగటు ధరలోంచి 22.5 శాతం తగ్గించి కట్టడం మొదలుపెట్టింది. ఏడాదికి సుమారు 160 కోట్ల డాలర్ల కోత. ఆసుపత్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2022 జూన్‌లో తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆసుపత్రుల పక్షాన తీర్పిచ్చారు. ముందు ఆసుపత్రుల కొనుగోలు ధరల మీద సర్వే చేయకుండా కోత పెట్టడం చట్టవిరుద్ధమన్నారు. ప్రభుత్వం దాదాపు 1,700 ఆసుపత్రులకు 900 కోట్ల డాలర్లు ఒకేసారి తిరిగి కట్టాల్సి వచ్చింది. దానికి సర్దుబాటుగా 2026 నుంచి ఆసుపత్రుల ఇతర సేవల చెల్లింపుల్లో అర శాతం కోసి, దాదాపు 16 ఏళ్లలో 780 కోట్లు రాబట్టుకోవాలని 2023లో నిర్ణయించింది. అంటే 340బి గొడవతో సంబంధం లేని ఆసుపత్రి కూడా దాని తాలూకు వాయిదాలు కట్టాలి.

తర్వాత కంపెనీల వంతు. 2020 వేసవిలో ఎలై లిల్లీ, దాని వెనకే సనోఫీ, ఆస్ట్రాజెనెకా, నోవార్టిస్, నోవో నార్డిస్క్, కాంట్రాక్ట్ షాపులకు వెళ్లే సరుకు మీద రాయితీకి షరతులు పెట్టాయి. ప్రభుత్వం చట్ట ఉల్లంఘన అంది. 2023 జనవరిలో ఒక అప్పీలు కోర్టు, 2024 మేలో మరొకటి కంపెనీల మాటే నిలబెట్టాయి. ఎన్ని షాపులకైనా సరుకు పంపాలని చట్టంలో లేదు కాబట్టి కంపెనీలు షరతులు పెట్టుకోవచ్చన్నాయి. చట్టం మౌనంగా ఉండటం ఈసారి కంపెనీలకు కలిసొచ్చింది. దాంతో ఆసుపత్రులు రాష్ట్రాల వైపు తిరిగాయి. కంపెనీలు షాపులకు సరుకు ఆపకూడదని 2021లో అర్కన్సా చట్టం చేసింది. 2024లో దాన్ని ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు సమర్థించింది. ఆ తర్వాత రాష్ట్రాలు వరసకట్టాయి.

ఇప్పటి కొట్లాట డబ్బు ఎవరి చేతిలో ముందు ఉండాలన్న దాని మీద. ఇన్నాళ్లూ ఆసుపత్రి తగ్గించిన ధరకే కొంటోంది. కంపెనీలు పూర్తి ధర కట్టించుకుని, చీటీల వివరాలు చూశాక తేడా వెనక్కి ఇస్తామంటున్నాయి. 2024 ఆగస్టులో జాన్సన్ అండ్ జాన్సన్ తన రెండు మందులకు ఈ పద్ధతి ప్రకటించి, హెచ్ఆర్ఎస్ఏ బెదిరించడంతో సెప్టెంబరు చివర్లో వెనక్కి తగ్గి, కోర్టుకెక్కింది. కంపెనీల వాదనలో పస లేకపోలేదు. 2026 జనవరి నుంచి పది మందులకు మెడికేర్ బేరమాడిన ధరలు అమల్లోకి వచ్చాయి. నెలకు 521 డాలర్లున్న ఎలిక్విస్ 231కి, 527 ఉన్న జనూవియా 113కి దిగాయి. బేరం ధర, 340బి ధరల్లో ఏది తక్కువైతే అది ఇవ్వాలి, రెండూ కలిపి ఇవ్వక్కర్లేదు. ఏ చీటీ దేని కిందికి వస్తుందో తెలియాలంటే వివరాలు కంపెనీ చేతికి రావాలి.

2025 జులైలో హెచ్ఆర్ఎస్ఏ ఆ పది మందుల వరకు రిబేటు పద్ధతిని ప్రయోగంగా అనుమతించింది. వివరాలు పంపిన పది రోజుల్లో కంపెనీ డబ్బు చెల్లించాలి, లేదంటే ఎందుకు ఇవ్వమో రుజువులతో చెప్పాలి. పది రోజులు పెద్ద ఆసుపత్రికి లెక్కలోది కాదు. జీతాల తేదీకి ఖాతాలో ఎంత ఉందో చూసుకుంటూ బతికే హెల్త్ సెంటర్‌కు, రాయితీ ధరకు బదులు పూర్తి ధర ముందుగా కట్టి ఎదురుచూడటం అప్పు తేవడమే. ఆసుపత్రుల సంఘం మెయిన్ రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ప్రయోగం మొదలు కావడానికి మూడు రోజుల ముందు, 2025 డిసెంబరు చివర్లో న్యాయమూర్తి దాన్ని ఆపేశారు. ఇన్నేళ్లుగా ముందస్తు తగ్గింపును నమ్ముకుని నడుస్తున్న సంస్థల మీద పడే భారాన్ని ఏజెన్సీ సరిగా తూచలేదన్నది ఆ ఆదేశం సారాంశం. రిబేటు పద్ధతే చెల్లదని మాత్రం అందులో లేదు.